తల్లి పక్షి మీద చీటీలు

పోయిన వారం నేను ఒట్టేసుకుని పడుకున్నాను, గుర్తుందా? తెల్లారగానే మేకప్ రూమ్‌కి పోయి, ఆ చీటీల దొంగని చీటీ చేతిలో ఉండగానే పట్టుకుంటానని. పట్టుకున్నాను. పట్టుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓర్చుకోండి. మాది పాటల నాటకాల కంపెనీ. పిల్లలందరికీ కంఠతా వచ్చిన ఒక బొమ్మల సినిమాని ఈసారి స్టేజీకి ఎక్కించాం. కథ చిన్నదే. సముద్రం ఒడ్డున కొండ మీద ఒక తల్లి పక్షి, ఎగరాలంటే భయపడే దాని పిల్ల. చివరికి తల్లే పిల్లని రెక్కతో కప్పి, ముద్దు పెట్టుకుని, కొండ మీంచి తోసేస్తుంది. పిల్ల ఎగురుతుంది. సినిమాలో ఆ చోట ఏడవనివాళ్ళు లేరు. మా నాటకంలో తల్లి పక్షి మా అక్క. పిల్ల పక్షి నా కూతురు, పందొమ్మిదేళ్ళది. నేను తెర చాటున కూర్చుని, మాట మరిచిపోయినవాళ్ళకి మాట అందించే ప్రాంప్టర్ని. దానికి తోడు ఇంకో పని కూడా నా నెత్తిన ఉంది. ఆ పని వల్లే కంపెనీలో అందరూ నన్ను చీటీలమ్మ అంటారు.

అసలు ఆటలు మొదలయ్యే ముందు మేం ఏడు ట్రయల్ ఆటలు ఆడతాం. వచ్చిన ప్రతి మనిషికీ టిక్కెట్టుతో పాటు ఒక చీటీ, వేలెడంత నల్ల పెన్సిలు ముక్క ఇస్తాం. ఆట అయ్యాక తోచింది రాసి గుమ్మం దగ్గర డబ్బాలో వేసి పోతారు. మర్నాడు పొద్దున పదింటికి కంపెనీ అంతా స్టేజీ మీద చతికిలబడితే, నేను ఒక్కో చీటీ విప్పి పైకి చదవాలి. ఎవరి మీద చీటీ వస్తే వాళ్ళు లేచి నిలబడి ‘విన్నాను’ అనాలి. అంతే. మారుమాట లేదు, సంజాయిషీ లేదు. ఒకే ఆటలో ఒకే మాట ఐదు చీటీల్లో వచ్చిందంటే డైరెక్టరుగారు దాన్ని మార్చి తీరాలి. ఆయన గురువుగారు పెట్టిన పద్ధతి అది. ఐదు చీటీలకి పాటలు పోయాయి, వేషాలు పోయాయి, ఒకసారి నాటకంలోంచి రాజుగారే పోయారు.

నాలుగు ఆటలుగా తల్లి పక్షి మీద చీటీలు వస్తున్నాయి. ‘తల్లి పక్షికి ఈవిడ సరిపోలేదు. మార్చండి.’ ఆటకి ఆరో ఏడో. నేను వాటిని ఒక్కటీ చదవలేదు. విప్పి, మొదటి మాట చూసి, మళ్ళీ మడిచి నా చేతిసంచిలో పడేశాను. తప్పే, కాదనను. కానీ అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నాకు జడ వేసింది, బడికి పంపింది, చివరికి ఈ కంపెనీలో చేర్పించింది అక్కే. ముప్ఫై ఏళ్ళుగా తనకి వచ్చే వేషాలేమిటి? గయ్యాళి అత్త, రాణీగారి దాసి, గుంపులో మూడో ఆడమనిషి. ఇన్నాళ్ళకి పోస్టరు మీద తన మొహం పడింది. అది చింపడానికి నా గొంతు అరువివ్వాలా?

పైగా ఆ చీటీలన్నీ గోధుమరంగు అక్షరాలవి. వేలితో రుద్దితే జిడ్డుగా అంటుకునేవి. కనుబొమలు దిద్దుకునే పెన్సిలు! అంటే జనం రాసినవి కావు, ఇంటిదొంగ పని. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నేను ఈశ్వరుడి కంటే మొండిదాన్ని. నా అనుమానమంతా కోకిలమ్మ మీద. అక్కకి ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతే ఆ వేషం వేయడానికని నేర్పించి పెట్టుకున్న అమ్మాయి. చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టుంటుంది. అక్క పాడుతుంటే స్టేజీ పక్క వింగ్‌లో నిలబడి పెదాలు కదుపుతూ ఉంటుంది.

ఎనిమిదింటికే మేకప్ రూమ్‌కి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. అద్దాల చుట్టూ బల్బులు ఆర్పేసి ఉన్నాయి. రెక్కలన్నీ వరసగా హ్యాంగర్లకి వేలాడుతున్నాయి, గది నిండా జిగురు వాసన. మూల ఇస్త్రీ బల్ల దగ్గర, గోడ వైపు తిరిగి కూర్చుని ఎవరో రాసుకుంటున్నారు.

అది అక్క వీపు.

"అక్కా!" అన్నాను. ఇంత పొద్దున్నే ఏంటి ఇక్కడ అనుకున్నాను. పలకలేదు. "అక్కా, నిన్నే!" పలకలేదు. నాకు ఒళ్ళు మండింది. రాత్రి ఏదైనా మాట అన్నానా, అలిగిందా అని ఆలోచిస్తూ "ఏంటే అక్కా, నీకు నోరు పోయిందా!" అని అరిచాను. పెన్సిలు ఆగలేదు. నేను నాలుగడుగులు వేశాక, నా బరువుకి చెక్క నేల కదిలితే అప్పుడు తిరిగింది. తిరిగీ తిరగ్గానే బల్ల మీద అరచెయ్యి బోర్లించింది.

నేను ఆ చేతిని లాగేశాను. కింద ఏడు చీటీలు. ఆరు రాసేసింది, ఏడోది సగంలో ఉంది. ‘తల్లి పక్షికి ఈవిడ సరిపో...’

"మతిపోయిందా నీకు?" అన్నాను. "నీ మీద నువ్వే రాసుకుంటున్నావా? సాయంత్రం ఆటకి పొద్దున్నే రాసి పెట్టుకుంటున్నావా?"

అక్క నా కళ్ళలోకి చూడలేదు. నా నోటి వంక చూస్తోంది. ఈ నాలుగైదు నెలలుగా అలాగే చూస్తోంది, నేను పట్టించుకోలేదు.

"నాలుగు రోజులుగా అడుగుదామనుకుంటున్నా," అంది. "నా చీటీలు ఎందుకు చదవట్లేదే నువ్వు?"

"ముందు నేనడిగినదానికి చెప్పు."

"తలుపు వేసిరా."

వేసి వచ్చాను. అక్క పెన్సిలు మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"కుడి చెవి పోయిన ఏడే పోయింది. ఎడమది కూడా పోతోంది. మద్దెల వినిపిస్తుంది, మగవాళ్ళ లావు గొంతులు వినిపిస్తాయి, అందుకే పాట తప్పట్లేదు. సన్నటి శబ్దాలే రావట్లేదు. టీ గ్లాసులో చెంచా తిప్పితే తెలీదు. తాళం చెవుల గుత్తి కింద పడితే తెలీదు. నువ్వు ఎదురుగా ఉంటే నీ పెదాలు చూసి సగం అల్లుకుంటా. వెనక నుంచి పిలిస్తే లేదు."

నాకు ముందు ఏడుపు వచ్చింది. పిచ్చి అక్క, ఏడాదిగా ఒక్కతే ఎలా మోసిందో అనుకున్నాను. ఆ ఏడుపు కళ్ళదాకా వచ్చేలోపే ఇంకో సంగతి గుర్తొచ్చింది. కొక్కెం!

ఆ కొక్కెం సంగతి మీకు చెప్పాలి. తల్లి పిల్లని రెక్కతో కప్పుతుంది కదా, ఆ రెక్క చాటునే అసలు పని జరుగుతుంది. పైనుంచి సన్నటి ఉక్కు తీగ దిగుతుంది. దాని చివర కొక్కేలు రెండు. పిల్ల నడుము పట్టీకి వీపు వైపున్న రెండు రింగుల్లో ఆ రెండూ తగిలించాలి. ఆ టైములో స్టేజీ మీద మూడో మనిషి కనపడకూడదని డైరెక్టరుగారి పట్టుదల. కాబట్టి తగిలించేది తల్లి పక్షే. రెక్క అడ్డం కాబట్టి కంటికి కనపడదు, పిల్ల చేతులు తన వీపుకి అందవు. కొక్కెం సరిగ్గా మూసుకుంటే టక్కుమంటుంది. ఒక టక్కు, రెండో టక్కు. రెండూ వినిపించాకే తల్లి పక్షి కాలితో నేలని తంతుంది. పైనున్న తాళ్ళ తాత చక్రం తిప్పుతాడు. పిల్ల లేస్తుంది.

"టక్కు వినిపిస్తోందా నీకు?" అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది.

"మరి ఇన్నాళ్ళూ నా పిల్లని ఎలా కట్టావే?"

"వేళ్ళతో. తడిమి చూసి. ఇప్పటిదాకా మనిషెత్తే కదా లేపుతోంది, కింద పరుపులున్నాయి కదా అని ధైర్యం. పైకి లేపే రోజు వచ్చేలోపు నన్ను తీసేస్తారనుకున్నా. ఐదు చీటీలు చాలు. ఆటకి ఏడు రాశా. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుని నీ నోటివంకే చూశా, ఇప్పుడు చదువుతుంది, ఇప్పుడు చదువుతుంది అని. నువ్వు తాబేలు సన్నగా ఉందని చదువుతావు, కుర్చీలు కిర్రుమంటున్నాయని చదువుతావు. నావి మాత్రం రావు. డబ్బాలోంచి ఎవరు తీసేస్తున్నారే?"

"నేనే," అన్నాను. "దాచేశాను."

అక్క చెయ్యెత్తి నా చెంప మీద ఒక్కటిచ్చింది. యాభై దగ్గరపడుతున్నదాన్ని, బడి ఎగ్గొట్టినప్పుడు తిన్న దెబ్బ తర్వాత మళ్ళీ ఇదే. కొట్టి, అదే చేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది. ఇద్దరం ఆ రెక్కల మధ్య నిలబడి ఏడ్చాం.

"నాకు చెప్పొచ్చు కదే," అన్నాను.

"నీకా? నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

"మరి డైరెక్టరుగారికి?"

"చెవిటిదన్న మాట ఒక్కసారి బయటికి పోతే మళ్ళీ నన్ను ఏ గుమ్మంలోకి రానిస్తారే? జనానికి నచ్చలేదంటే ఇంకో వేషం ఇస్తారు. మళ్ళీ ఆ దాసి వేషమో, అత్త వేషమో. అవైనా ఉంటాయి. చెవిటిదంటే గుంపులో మూడోదాన్ని కూడా కాను." అక్క నా భుజాలు పట్టుకుంది. "ఇవాళ చదువు. అన్నీ చదువు. గట్టిగా చదువు. చెవి మాట ఎత్తకు. నా మీద ఒట్టు."

ఇవాళే ఎందుకంత తొందరంటే, ఇవాళ చీటీలు చదవడం అయిపోగానే ముప్ఫై అడుగుల ఎత్తున మొదటిసారి ఎగరేసి చూస్తారు. పరుపులు ఉండవు. నేల మీద నీలం గుడ్డ పరిచి సముద్రం చేస్తారు కాబట్టి పరుపులు పనికిరావట. ఆ ఎత్తు ఎవరు పెంచారనుకున్నారు? జనమే. ‘సినిమాలో పిల్ల మబ్బుల్లోకి పోతుంది. ఇక్కడ కోడిపెట్ట గోడ దూకినట్టుంది.’ అలాంటివి మొన్నటి ఆటకి ఇరవై మూడు వచ్చాయి. ఇరవై మూడూ నేనే చదివాను. గొంతు మార్చి, కోడిపెట్టలా తల తిప్పి చదివి అందర్నీ నవ్వించాను కూడా.

సరేనని ఒట్టేశాను. వేరే దారి నాకూ తోచలేదు. ఐదు చీటీలంటే తీర్పే కదా, అక్క తప్పుకుంటుంది, నా పిల్ల బతుకుతుంది, గుట్టు గుట్టుగానే ఉంటుంది అనుకున్నాను.

పదింటికి అందరూ స్టేజీ మీద కూర్చున్నారు. డైరెక్టరుగారు కుర్చీలో, ఒళ్ళో నోటుపుస్తకం. అక్క ముందు వరసలో, నా మొహం సరిగ్గా కనపడే చోట. రోజూ అక్కడే ఎందుకు కూర్చుంటుందో ఇవాళ తెలిసింది. నా కూతురు అప్పుడే నడుముకి పట్టీ బిగించుకుని వచ్చి పెద్దమ్మ పక్కన చేరింది. తాళ్ళ తాత ఎప్పటిలాగే అందరి వెనకా, తాళ్ళ చుట్ట మీద.

మొదట డబ్బాలోవి తీశాను.

"‘సినిమాలో తాబేలు లావుగా ఉంటుంది. మీ తాబేలు ఎముకల గూడు. దానికి ముందు తిండి పెట్టండి.’"

తాబేలు వేషం కట్టే ఆయన లేచాడు. "విన్నాను."

"‘మా అమ్మాయి మూడో పాటకి నిద్రపోయింది. నేను నాలుగో పాటకి.’"

పాటలు కట్టిన ఆయన లేచాడు. "విన్నాను."

"‘సినిమా చూసి ఏడ్చాను. ఇది చూసీ ఏడ్చాను. దానికీ దీనికీ కారణాలు వేరు.’"

ఇది ఎవరి మీదో తెలియక డైరెక్టరుగారే లేచి "విన్నాను" అని కూర్చున్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాతది విప్పాను. ఇది నల్ల పెన్సిలు రాత, నిజం చీటీ. "‘తల్లి పక్షి రెక్క కప్పినప్పుడు మా అమ్మ ఒళ్ళో ఉన్నట్టనిపించింది. నా పక్కన మా అబ్బాయి కూడా నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు చెయ్యి పట్టుకుని చాలా ఏళ్ళయింది.’"

అక్క లేచింది. నా పెదాల మీంచి ఆ మాటలన్నీ ఏరుకుందో లేదో. "విన్నాను" అంది, కూర్చుంది. కూర్చుంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ చీటీ ఒక్కటీ ఇవాళ రాకుండా ఉంటే బాగుండేది.

అప్పుడు సంచిలో చెయ్యి పెట్టాను. "ఇవి కూడా ఉన్నాయి," అన్నాను. "నాలుగు ఆటలవి. నేను చదవకుండా ఉంచాను. అది నా తప్పు." డైరెక్టరుగారు నోటుపుస్తకంలోంచి తలెత్తారు.

"‘తల్లి పక్షికి ఈవిడ సరిపోలేదు. మార్చండి.’"

అక్క లేచింది. "విన్నాను."

"‘తల్లి పక్షి వయసు మీరింది. వేరేవాళ్ళని పెట్టండి.’"

"విన్నాను."

"‘తల్లి పక్షిని చూస్తుంటే సినిమా మీదున్న ప్రేమ కూడా పోయింది.’"

"విన్నాను."

ఎనిమిది చదివాను. అక్క ప్రతిసారీ లేచింది, కూర్చుంది. ఆ మాటలు తను రాసినవే, నాకు తెలుసు. అయినా ఒక్కో చీటీ విప్పే ముందు అక్క వంక చూస్తున్నాను. తొమ్మిదోది విప్పేసరికి తాబేలాయన లేచి నిలబడ్డాడు.

"ఇక ఆపమ్మా!" అన్నాడు. చీటీలు చదువుతుండగా మారుమాట అనడం మా కంపెనీలో ఎవరూ చూడలేదు. "పద్ధతి తప్పానని నన్ను తీసేసినా సరే. ఆవిణ్ణి నిలబెట్టి ఇలా కొడుతుంటే చూస్తూ కూర్చోలేను. ఆ చీటీ ఇలా ఇవ్వు."

లాక్కున్నాడు. వేలితో రుద్దాడు. వేలికి అంటిన రంగు అందరికీ చూపించాడు. "ఇది జనానికి ఇచ్చే పెన్సిలా? ఇది కనుబొమల పెన్సిలు! ఎవరో మనలోనివాళ్ళే రాశారు. ఈవిడ వేషం పోతే ఎవరికి లాభమో నేను చెప్పక్కర్లేదు."

ఇరవై తలలు కోకిలమ్మ వైపు తిరిగాయి. నిన్నటిదాకా నేను చేసిన తప్పే ఇప్పుడు అందరూ చేస్తున్నారు. పాపం, ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేను కాదు! మా అమ్మ మీద ఒట్టు, నేను కాదు! ఆవిడ పాడుతుంటే నేర్చుకుంటున్నానంతే!" అని బావురుమంది. ఎవరూ దగ్గరికి పోలేదు. పక్కనున్న అమ్మాయి కాస్త జరిగి కూర్చుంది.

"అక్కా," అన్నాను పెదాలతోనే, శబ్దం లేకుండా. "ఏం చెయ్యను?"

అక్క కళ్ళతోనే వద్దంది.

డైరెక్టరుగారు వచ్చి నా చేతిలో ఉన్న చీటీలన్నీ తీసుకున్నారు. ఒక్కొక్కటీ చూశారు. చూసి, అన్నీ కలిపి నిలువునా చింపేశారు. ఆయన గురువుగారి కాలం నుంచీ ఒక్క చీటీ కూడా ఎవరూ చింపలేదు.

"ఇది అభిప్రాయం కాదు, ఓర్వలేనితనం," అన్నారు. ఆయనది లావు గొంతు, అక్కకి వినిపించే గొంతు. అక్క మొహం ఎలా మారిపోయిందో నేను చూశాను. "అమ్మా, నా తల్లి పక్షివి నువ్వే. ఎవరో కుళ్ళుబోతు రాతకి నిన్ను మారుస్తానా? నా ఆటలో ఆ కొక్కెం నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టుకోదు. ఇది నా మాట."

చప్పట్లు! అందరూ లేచి నిలబడి చప్పట్లు. తాబేలాయన ఈల వేశాడు. ముప్ఫై ఏళ్ళలో అక్కకి ఇంత గట్టిగా చప్పట్లు కొట్టింది ఇదే. అక్క వాటి మధ్య నిలబడి, రెండు చేతులూ ఊపుతూ "కాదండీ, వద్దండీ, జనం మాటే మాట" అంటోంది. వినయమనుకున్నారు. ఇంకా గట్టిగా కొట్టారు. ఆ మనుషుల ప్రేమ చూసి నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

"తాతా, పైకి పదండి," అన్నారు డైరెక్టరుగారు. "ముప్ఫై అడుగులు. ఇప్పుడే, ఈ ఊపులోనే చూసేద్దాం. అమ్మాయ్, రా."

నా కూతురు లేచింది. పట్టీ ఇంకో కన్నం బిగించుకుంది. కొండ సెట్టింగు మెట్ల వైపు నడిచింది.

ఒట్టు పెట్టుకున్నది అక్క మీద. అటు పోతున్నది నా పిల్ల. నాకు ఆలోచించడానికి టైము లేదు, ఉన్నా ఇదే చేసేదాన్ని.

"అక్కకి వినపడదు!" అని అరిచాను.

చప్పట్లు ఆగాయి. చెదురుమదురుగా రెండు మూడు చేతులు ఆగడానికి ఇంకాస్త పట్టింది.

"టక్కు వినపడదు. కొక్కెం పడిందో లేదో తనకి తెలీదు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది. ఆ చీటీలు రాసింది కోకిలమ్మ కాదు, అక్కే. తనని తీసెయ్యమని తనే రాసుకుంది. దాచింది నేను. పిల్లని కట్టనివ్వకండి!"

అక్క నా పెదాల మీద మొదటి మాట చదివేసింది. మిగతావి చదవాల్సిన పనే లేకపోయింది. నా వంక చూసిన ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తిట్టలేదు. నాకు వీపు చేసి డైరెక్టరుగారి వైపు తిరిగింది.

"దాని మాటలకేం లెండి," అంది, నవ్వడానికి చూస్తూ. "పిల్ల ఎత్తుకి పోతోందని తల్లి కదా, బెంబేలు పడుతోంది. చీటీలు రాశాను, నిజమే. నాకు ఓపిక తగ్గింది, నోరు విడిచి చెప్పలేక రాశాను. కోకిలమ్మని ఏమీ అనకండి, తనకి వేషం ఇచ్చెయ్యండి. అంతేగానీ నా చెవులకేం రోగం? మీరు మాట్లాడుతుంటే వినడం లేదా?"

ఆయన లావు గొంతు కాబట్టి వింటోంది. ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. నన్ను చూశారు, అక్కని చూశారు. అప్పుడు అందరి వెనక నుంచి తాళ్ళ తాత మాట్లాడాడు. దుమ్ముకి పాడైపోయిన గొంతు ఆయనది, సన్నగా పీలగా ఉంటుంది. చెవులు రిక్కిస్తే గానీ మాకే సరిగ్గా అందదు.

"నిజమేనయ్యా," అన్నాడు. "నిన్న ఆట అయ్యాక పిల్లకి కొక్కేలు విప్పింది నేను."

"తాతా!" అంది నా కూతురు మెట్ల మీద నుంచి. "ఒట్టేశావు తాతా!"

అక్క ఇంకా డైరెక్టరుగారి వైపే తిరిగి ఉంది. వెనక ఎవరో మాట్లాడుతున్నారన్న సంగతే తనకి తెలీదు. "ముప్ఫై ఏళ్ళలో నా వల్ల ఎవరికైనా ఒక దెబ్బ తగిలిందా, చెప్పండి," అంటోంది.

"ఒకటే పడి ఉంది," అన్నాడు తాత. "రెండోది నోరు తెరుచుకునే ఉంది. ఆ పడింది కూడా సగమే పడింది. నా వేలు తగలగానే ఊడి చేతిలోకి వచ్చేసింది."

"ఒక్క తప్పు చూపించండి," అంటోంది అక్క. "ఒక్కటంటే ఒక్కటి."

"నేను చెప్పేస్తానంటే పిల్ల నా కాళ్ళు పట్టుకుంది. పెద్దమ్మ వేషం పోతుంది తాతా, మనిషెత్తే కదా, నాకేం కాలేదు కదా అని. నేనూ మెత్తబడ్డాను. నాదే తప్పు."

కోకిలమ్మ ఏడుపు ఆగింది. నేను పక్కనున్న తాబేలాయన చెయ్యి పట్టుకున్నాను. నిన్న నేను ప్రాంప్టరు స్టూలు మీద కూర్చుని నా పిల్ల ఎగరడం చూసి మురిసిపోయాను. సగం పడిన ఒక్క కొక్కెం మీద!

అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. డైరెక్టరుగారి కళ్ళు తన మీద లేవు, తన భుజం మీంచి వెనక్కి చూస్తున్నాయి. చుట్టూ మొహాలు చూసింది. ఎవరూ తనకి జవాబు చెప్పడం లేదు, అందరూ తననే చూస్తున్నారు, ఆ చూపు ఇందాకటి చూపు కాదు.

"ఏంటి?" అంది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?"



అక్క నా దగ్గరికి వచ్చింది. ఇందాక వీపు తిప్పిన మనిషికి, ఇంత మందిలో అడగడానికి మళ్ళీ నేనే దొరికాను. తన వెనక మెట్ల మీద నా కూతురు రెండు చేతులూ జోడించి, కళ్ళ నీళ్ళతో, వద్దమ్మా, చెప్పొద్దమ్మా అని తల అడ్డంగా ఊపుతోంది.

"వెనక ఏదో అయింది," అంది అక్క. నా గడ్డం పట్టుకుని, పెదాలు కనపడేలా మొహం తన వైపు ఎత్తుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నాకు వినపడలేదు. ఒప్పుకుంటున్నా, సరేనా? నాకు వినపడలేదు. ఏమన్నారో నువ్వు చెప్పు."

"అక్కా," అన్నాను. "నిన్న పిల్ల..."